ఇరవై ఎనిమిది గళ్ళు

హలో… ఆ, నేనేలేవే. అక్కనే. ఇంకెవరెత్తుతారు ఈ ఫోను…

నిద్రా? ఆదివారం మధ్యాహ్నం నిద్ర నా మొహానికెక్కడ రాసిపెట్టి ఉంది. చార్టు పరుచుకుని కూర్చున్నాను, భోజనాల బల్ల మీద. నీ కోసమే. పన్నెండింటికి చేస్తానన్నావు, ఇప్పుడు టైమెంతో చూడు…

మూడున్నర. అదీ సంగతి.

…సరే సరే, వంకలన్నీ తర్వాత. ఐదింటికల్లా ఆ గెస్ట్‌హౌసావిడకి చెప్పేయాలి. గదులు, సైకిళ్ళు, వంట క్లాసు, పడవ… ఏ రోజు ఏది, ఎంతమంది, మొత్తం. ఐదు దాటితే గదులు వేరేవాళ్ళకిచ్చేస్తానని నిన్న రెండుసార్లు చెప్పింది. కాబట్టి నువ్వు చెప్పేదేదో గబగబా చెప్పు…

ఏంటి? చిన్న మార్పా?

ఎంత చిన్నది…

చెల్లీ, నీ చిన్న మార్పుల సంగతి నాకు తెలీదా. పోయిన వారం నీ చిన్న మార్పుకి గురువారాన్ని మొత్తం పెకిలించి శనివారంలో పాతిపెట్టాల్సొచ్చింది.

…నవ్వకు. నాకు నవ్వు రావట్లేదు.

ఆ, బళ్ళో టైంటేబుల్ వేసే చార్టే. పద్నాలుగేళ్ళుగా నలభైమంది టీచర్లకి వేస్తున్నాను కదా, ఆరుగురికి ఒక్క వారం వేయలేనా అనుకున్నాను. ఏడు రోజులు, రోజుకి నాలుగు గళ్ళు. ఇరవై ఎనిమిది. దానికే తల ప్రాణం తోకకొచ్చింది. ఆ నలభైమందే నయం, ఎగ్గొట్టాలన్నా సెలవు చీటీ రాసిచ్చి ఎగ్గొడతారు…

నీది గులాబీ రంగు. మీ ఆయనది నీలం. పెద్దదానికి ఊదా, బుడ్డోడికి పసుపు. నాది ఆకుపచ్చ…

మీ బావా? ఆయనకి రంగెందుకు, ఆయన వస్తేగా. సముద్రం టీవీలో చూస్తే చాలంటారు, కాళ్ళకి ఇసక అంటదట.

సరే, చెప్పు. పెన్సిలు చేతిలోనే ఉంది. రబ్బరు కూడా. సగం అరిగింది నీ పుణ్యమా అని…

సోమవారం పొద్దున్న. సముద్రం పక్కన సైకిళ్ళు. ఆ… ఎందుకు కుదరదు?

సెలవు పెట్టి మీటింగేంటే…

ఫోన్లోనా. అంటే ఊరంతా సైకిళ్ళు తొక్కుతుంటే మీ ఆయన గదిలో కూర్చుని ఆఫీసువాళ్ళకి తల ఊపుతాడా. బాగుంది. మధ్యాహ్నానికి మారుద్దామంటే ఎండ. మంగళవారం పొద్దున్న అందామంటే కోట గోడ మీద నడక ఉంది, మూడు గంటలు పడుతుంది…

మ్యూజియంతో మార్చడానికి లేదు. సోమవారం మూసేస్తారని నీకు మూడుసార్లు చెప్పాను. గోడకి చెప్పినా ఈపాటికి గుర్తుండేది.

…ఆగు. ఆగవే, చూడనీ. సోమవారం సాయంత్రం నేనొక్కదాన్నే ఆ పడవలు చెక్కే షెడ్డుకి వెళ్దామనుకున్నాను. అక్కడ ముసలాయన చెక్క వంచి చూపిస్తాడట. అది తీసేస్తాను. ఆ గడిలో మీ నలుగురూ సైకిళ్ళు. నేను అమ్మ దగ్గరుంటాను…

పర్లేదులే. చెక్కే కదా.

ఇంకా ఉందా…

పెద్దది పది దాకా లేవదా? మరి చేపల మార్కెట్ అయిదున్నరకే కదే. పడవలొచ్చేది అప్పుడు. పదింటికెళితే అక్కడ పిల్లులు తప్ప ఏముంటాయి…

దాన్ని ఒక్కదాన్నీ గదిలో వదలవు, సరే. పదిహేనేళ్ళ పిల్లని అయిదింటికి లేపలేవు, అదీ సరే. మీ ఇంట్లో ఎవరి మాట ఎవరు వింటారో నాకు తెలీదా. వద్దులే, దాన్ని పడుకోనీ. అమ్మ పక్క గదిలోనే ఉంటుంది, అమ్మతో పాటు నేనుంటాను. మీరు ముగ్గురూ వెళ్ళి చేపలు కొనుక్కురండి…

కళ్ళు చూసి కొనాలి. కళ్ళు మసకగా ఉంటే ముట్టుకోవద్దు. ఆ, చేపవేనే, అమ్మేవాడివి కాదు.

…ఏంటమ్మా? ఆగవే, అమ్మేదో అంటోంది… ఆ… చెప్తాను.

అమ్మ అంటోంది, మీటింగు మీ ఆయనకి కాదట, నీకేనట. సైకిలు తొక్కలేక ఆయన పేరు వాడుతున్నావట.

…ఎలా తెలిసిందంటే? ఎవరినడుగుతున్నావు. ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చెవులకి హెడ్‌సెట్టు తగిలించుకుని కూర్చున్న మనిషి. ఒక పక్క వింటే చాలు, రెండో పక్క చదివేసినట్టే. నువ్వు మాట్లాడుతుంటే నేను పెట్టే మొహం కూడా వినిపిస్తుంది ఆవిడకి…

పత్రికలో గళ్ళ నుడికట్టు చేస్తోంది, భూతద్దం పెట్టుకుని. వినట్లేదనుకుంటాం మనం.

ఆ, మనం వెళ్ళే ఊరి ఎస్టీడీ కోడు ఇప్పటికీ నోటికొచ్చు. నిన్న గెస్ట్‌హౌసు నంబరు వెతుకుతుంటే, ముందు అంకెలు ఆవిడే చెప్పేసింది. రోజుకి నలభై కాల్స్ కలిపేదట ఆ ఊరి రేవు ఆఫీసుకి. ఒక్కసారి కూడా ఆ ఊరు చూడలేదు…

సర్లే, ఆవిడ సంగతి తర్వాత. నువ్వు కానివ్వు. మూడూ యాభై.

వంట క్లాసు… ఆ, బుధవారం మధ్యాహ్నం. ఆవిడ వంటింట్లోనే. నాలుగు పొయ్యిలే, నలుగురికే చోటు. నువ్వు, నేను, మీ ఆయన, పెద్దది…

బుడ్డోడికెందుకే, వాడు మీ ఇంట్లో నీళ్ళు కూడా కాచుకోడు…

ఏడుస్తున్నాడా. ఇప్పుడా? ఫోనివ్వు, నేను చెప్తాను… వద్దా. సరే. పసుపు రంగు పెడుతున్నాను. వాడికిచ్చా నా పొయ్యి. రొయ్యలు తింటే వాడికి పడదని ఆవిడకి ముందే చెప్పాలి, నువ్వు మర్చిపోతావు, నేనే చెప్తాను…

నాకేంటే, ఇరవై ఏళ్ళుగా వంటేగా చేస్తున్నాను. అక్కడికెళ్ళి కూడా గరిటె పట్టాలా. అమ్మ దగ్గరుంటాను.

కోట గోడ? దానికేమొచ్చింది?

…మసాజా. అదే టైముకి దొరికిందా నీకు.

లేదు, కోప్పడట్లేదు. నా గొంతే అంత. ముప్పైరెండు సెక్షన్ల పిల్లల మీద అరిచిన గొంతు. సరే, నువ్వు మసాజుకి వెళ్తే బుడ్డోణ్ణి ఎవరు చూస్తారు? వాడు మూడు గంటలు గోడ మీద నడవడు. అమ్మా వాడూ ఇద్దరూ నా దగ్గరే ఉంటారు, అంతేగా. రాసేస్తున్నా…

శుక్రవారం కచేరీ మాత్రం మార్చడానికి లేదు. నాలుగు టికెట్లు కొనేశాను. పాత రేవు గోదాములో పాటలు, నాటకం. అందులో తెరచాప కట్టే పాటలు పాడతారట, అసలు పనివాళ్ళే. వాటి కోసమే నేను…

నాలుగే. అమ్మ దగ్గర ఒకరుండాలి కదా అని నాలుగే తీసుకున్నాను. మీ ఆయన ఉంటానన్నాడు…

ఇప్పుడు ఉండనంటున్నాడా.

…చెల్లీ, ఆయన నా ఎదురుగా అన్నాడు ఆ మాట. కాఫీ తాగుతూ అన్నాడు. ‘అత్తయ్యతో నేనుంటాను వదినా, మీరెళ్ళండి’ అని. కాఫీ చల్లారినంత సేపు కూడా లేదా ఆ మాట…

నడుం నొప్పి. సరే. నడుం నొప్పున్నవాడు కచేరీలో మూడు గంటలు కూర్చోగలడా మరి?

…అడగకూడదా. సరే, అడగను. నా టికెట్టు ఇస్తున్నాను పో. ఎవరో ఒకరు రికార్డు చేసుకురండి, తర్వాత వింటాను.

అయిందా? ఇక చదివేస్తున్నాను, విను, ఏ మార్పూ లేదు. శనివారం పొద్దున్నే దిగుతాం. ఆదివారం…

ఇంకా ఏంటే…

పడవా.

…ఏ పడవ?

దాని జోలికి రాకు.

లేదు, విను. ముందు నువ్వు విను. నేను దాని గురించి ఎవ్వరి దగ్గరా చర్చించను. గురువారం పొద్దున్న, ఆరింటికి, తెడ్డు పడవ. రేవు నుంచి లైట్‌హౌసున్న బండ దాకా, మళ్ళీ వెనక్కి. రెండే సీట్లు. తెడ్డు వేసే మనిషొకరు, ఎదురుగా కూర్చునే మనిషొకరు. వారం మొత్తానికి ఒకే ఒక్క ఖాళీ ఉందంటే పడవలు అద్దెకిచ్చే ఆవిణ్ణి పట్టుకుని, కాళ్ళావేళ్ళా పడి రాయించాను. పన్నెండుసార్లు ఫోన్ చేశాను…

తెలుసు కదా నీకు. కాలేజీలో నది మీద తెడ్డు వేసినదాన్నే నేను. కప్పు తెచ్చినప్పుడు నువ్వే దాన్ని వీధంతా ఊరేగించావు. ఆ లైట్‌హౌసు బొమ్మ బీరువా తలుపు లోపల అంటించి తొమ్మిదేళ్ళయింది. రంగు వెలిసి సముద్రమేదో ఆకాశమేదో తెలీట్లేదిప్పుడు. మొదటిసారి నీ కాన్పు. తర్వాత మీ ఇల్లు మారడం. తర్వాత అమ్మ తుంటి ఆపరేషను. ఇది నాలుగోసారి మనం బయల్దేరడం. నేను తెడ్డేస్తాను, నువ్వు ఎదురుగా కూర్చుంటావు… అదే కదా మనమనుకున్నది…

‘ఎప్పుడన్నాను’ అంటావేంటి, తొమ్మిదేళ్ళ నుంచి అంటున్నావు.

…తల తిరుగుతుందా నీకు. పడవలో. ఎక్కావా ఎప్పుడైనా, తిరగడానికి?

సరే. నువ్వు రావు. సరే. నేనొక్కదాన్నే వెళ్తాను. ఎదురు సీటు ఖాళీగా పెట్టుకుని…

ఎవరికివ్వాలి?

…పెద్దదానికీ, వాళ్ళ నాన్నకీ.

మీ ఆయనకి తెడ్డు ఏ వైపు పట్టుకోవాలో తెలుసా? నడుం నొప్పి ఏమైంది? కచేరీకుంది, పడవకి లేదా?

…వీడియో తీసుకోవడానికా. పడవ లేకపోతే అది రానంటోందా. దాన్ని బతిమాలడానికి నా పడవ…

లేదు. ఇవ్వను. మిగతావన్నీ ఇచ్చాను కదే. ఇదొక్కటీ అడక్కు.

ఏమన్నావు?

మళ్ళీ అను.

…‘ట్రిప్పంతా నీ ఇష్టప్రకారమే జరుగుతోంది, ఒక్కదాని దగ్గర పట్టు విడవలేవా.’ అంతేగా. సరిగ్గానే విన్నాను.

నా ఇష్టప్రకారం.

ఆగు. పెట్టెయ్యకు. చార్టు నా ముందే ఉంది. ఆకుపచ్చ ఎక్కడెక్కడుందో చదువుతాను, విను. వినాలి నువ్వు. శనివారం దిగిన పొద్దుట్నుంచీ నాలుగు గళ్ళూ, సాయంత్రం మీరు రేవు చూట్టానికి వెళ్ళేదాంతో సహా. ఆకుపచ్చ… ‘అ’. అ అంటే అమ్మ దగ్గర. ఆదివారం పొద్దున్న, మీరు ఈతకి. ‘అ’. ఆదివారం పదకొండింటికి… ‘అ’. మధ్యాహ్నం ‘అ’. సాయంత్రం, వీధి తిండి తినడానికి వెళ్తారు… ‘అ’. సోమవారం… చెక్కల షెడ్డు ఇందాకే తీసేశాను. ‘అ’, ‘అ’, ‘అ’… ‘అ’. మంగళవారం…

…

లేదు, ఉన్నాను. లెక్కపెడుతున్నాను.

…ఇరవై ఆరు.

ఇరవై ఎనిమిదింట్లో ఇరవై ఆరు. ఇంకోటి ‘సామాన్లు సర్దడం’. అదీ నేనే. ఇంకోటి పడవ.

…నేనే రాసుకున్నాను. నువ్వు రాయలేదులే. ఎప్పుడెప్పుడు రాశానో కూడా నాకు తెలీదు. బళ్ళో అలవాటు. ముందు అందరివీ నింపి, చివర మిగిలిన పీరియడ్లు నాకు వేసుకుంటాను. ఎవరూ రాకపోతే ఆ క్లాసుకీ నేనే వెళ్తాను. పద్నాలుగేళ్ళూ అట్లాగే వేశాను. ఏదో ఒకటి మిగిలేది ఎప్పుడూ. ఇక్కడ మిగల్లేదు…

ఏడవట్లేదు. జలుబు.

సరే, ఏడుస్తున్నాను. అయితే ఏంటి. తొమ్మిదేళ్ళకి ఒక్క పొద్దున్న అడిగితే ఏడ్చే గతి పట్టింది. నాకు కోపంగా ఉంది నీ మీద. నా మీద ఇంకా ఎక్కువ కోపంగా ఉంది.

…సారీ ఎందుకు, సారీ ఏం చేసుకోను. ఒక్క పని చెయ్యి. గురువారం పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది దాకా, అమ్మ దగ్గర నువ్వుండు. మీ ఆయన కాదు. నువ్వు. నేను పడవెక్కుతాను.

…

చెల్లీ?

…నీళ్ళు నమలకు. ఉంటావా, ఉండవా?

‘చూద్దాం’ అంటే ఏంటే. చూసి చెప్పడానికేముంది అందులో. నీ అమ్మ కాదా…

…ఓ. సూర్యోదయం యోగా. అదీ గురువారమేనా. డబ్బు కట్టేశావా.

సరే. ఇక నేను మాట్లాడను. గెస్ట్‌హౌసావిడకి ఫోన్ చేసి మొత్తం వద్దని చెప్పేస్తాను. ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. మీ ఇంట్లో మీరు, మా ఇంట్లో మేము. ఈ చార్టు చింపి…

ఏంటమ్మా?

…ఆగమ్మా, ఫోన్లో ఉన్నాను. కళ్ళజోడు ఇక్కడెక్కడుంది, నీ తల మీదే ఉంది… ఎందుకు, చార్టెందుకు నీకు… జాగ్రత్త, కర్ర పట్టుకో. ఆ మూల పట్టుకు లాగకు, చిరుగుతుంది…

…లేవే, లైన్లోనే ఉన్నాను. అమ్మ వచ్చి చార్టు చూస్తోంది. భూతద్దంతో.

అది గులాబీ. చెల్లిది. ఊదా పెద్దదానిది… ఆకుపచ్చ నాది… 

నీదా?

…నీకు రంగు లేదమ్మా.

లేదు, అంటే… నువ్వు ప్రతి గడిలోనూ ఉన్నావు. ‘అ’ అని ఉంది చూడు, అదే నువ్వు…

…

ఏమందా? అమ్మ ఏమందంటే… ‘అది నేను కాదే, నాకు కాపలా’ అంది. ‘నీకు ఇరవై ఆరు కాపలాలు రాసుకున్నావు, నాకంటూ ఒక్క గడీ రాయలేదు’ అంది.

…అడగలేదే. ఎవరం అడగలేదు. నువ్వడిగావా? నేను మంచం ఎత్తు అడిగాను ఆ గెస్ట్‌హౌసావిణ్ణి, బాత్రూములో పట్టుకునే కమ్మీ ఉందా అనడిగాను. అమ్మకేం కావాలో అమ్మని అడగలేదు.

ఆ… ఆ… చెప్పమ్మా. నెమ్మదిగా… 

ఎక్కడికి?

అమ్మా, అది తెడ్డు పడవ. ఓడ కాదు.

…తెలుసట. ఇందాకట్నుంచీ వింటోందట. ముప్పై ఏళ్ళు ఆ రేవుకి లైను కలిపి, రెండో చివర ఏముందో చూడకుండా పోవాలా అంటోంది.

డాక్టరేమన్నాడా? డాక్టరు కూర్చోబెట్టొద్దన్నాడు. నడిపించండి, తిప్పండి అన్నాడు. కూర్చోబెట్టింది మనమే… కాదు, నేనే…

ఉండు, నన్ను ఆలోచించనీ. ఎదురు సీటుకి వెనక ఆనుకునే చెక్క ఉంది. గట్టు నుంచి మెట్లు లేవు, వాలుగా ఉంటుంది. లైఫ్ జాకెట్టు ఇస్తారు. వయసుతో పనిలేదండీ, నిమ్మళంగా కూర్చోగలిగితే చాలు అని ఆ పడవలావిడే చెప్పింది. పన్నెండుసార్లు ఫోన్ చేశానన్నానుగా, అన్నీ అడిగాను. నీ కోసం అడిగాను, నీకు భయమేస్తుందేమోనని…

అమ్మకి భయమా? అడుగు నువ్వే. అమ్మా, చెల్లి అడుగుతోంది, భయం లేదా అని… 

…నువ్వు తోలే స్కూటరెక్కిన మనిషికి ఇంక భయమేంటంటోంది.

నవ్వుతోందే. పళ్ళన్నీ కనపడేలా నవ్వుతోంది. ఎన్నాళ్ళయిందో.

ఉండు, రంగు పెన్సిళ్ళ డబ్బా లాక్కుంది. ఎరుపొక్కటే మిగిలింది, అది చాలంటోంది. గురువారం పొద్దున్న గడిలో… నా ఆకుపచ్చ పక్కనే రాస్తోంది. గట్టిగా నొక్కి రాస్తోంది, ఇది రబ్బరుకి పోదు…

అమ్మా, అదేంటి, శుక్రవారం కూడానా?

…కచేరీ కావాలట. చేపల మార్కెట్టూ కావాలట. అయిదున్నరకి ఎలాగూ మెలకువే ఉంటానంటోంది.

అయితే విను. రాసుకో, నేనిక మళ్ళీ చెప్పను. నాలుగు టికెట్లలో ఒకటి అమ్మది, ఒకటి నాది. మిగతా రెండూ మీరు నలుగురూ కొట్టుకోండి. పొయ్యి బుడ్డోడికే ఉంచు, పాపం ఏడ్చాడు. పెద్దది వస్తే రానీ, రాకపోతే ఇంట్లో పడుకోనీ, పది దాకా ఏంటి, పన్నెండు దాకా పడుకోనీ. మీ ఆయన నడుం మీ ఆయన చూసుకుంటాడు…

ఏంటి?

…యోగా మానేస్తావా.

ఇప్పుడు కావాలా నీకు ఆ సీటు. తల తిరగడం తగ్గిందా.

లేదు చెల్లీ, రెండే. రెండే సీట్లు.

…

తెలుసు. నాకూ బాధగానే ఉంది. తొమ్మిదేళ్ళూ ఆ సీట్లో నిన్నే కూర్చోబెట్టుకున్నాను నేను. కానీ అడిగిన రోజున నువ్వు నీళ్ళు నమిలావు, అమ్మ కర్ర పట్టుకుని లేచొచ్చింది. నన్నేం చెయ్యమంటావు…

గట్టు మీదికి రా. అమ్మని దింపేటప్పుడు ఒక చెయ్యి కావాలి, ఎక్కించేటప్పుడు ఒక చెయ్యి కావాలి. ఆ రెండు గంటలూ ఆ రెండు చేతులూ నీవి. వస్తావా?

…‘చూద్దాం’ అనకుండా చెప్పావు. మంచిది. రాసుకుంటున్నాను. గులాబీ రంగుతోనే. పెన్సిలుతో రాస్తున్నాను, చెరిపే పని పెట్టకు.

టైమెంత… నాలుగూ యాభై రెండు. వాగించి వాగించి చంపావు. ఆవిడకి ఇంకా చెయ్యలేదు…

ఏంటమ్మా, ఫోనా? ఎందుకు, నేను చేస్తాగా… 

…చెల్లీ, పెట్టెయ్యి ఇక. లైను ఖాళీ చెయ్యి. ఆ ఊరికి అమ్మ తనే కలుపుతుందట.